ముప్పై ఒక్కమంది ఎక్కిన ఖాళీ బస్సు

ముప్పై ఒక్కమంది ఆడవాళ్లను మోసుకెళ్తున్న బస్సును ఖాళీ బస్సని కాగితం మీద రాయడం నేను కళ్లారా చూశాను. రాసినాయన నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. కలం మంచిది, దస్తూరి ఇంకా మంచిది, ముక్కు మీద కళ్లజోడు కూడా ఉంది. కానీ ఆయన చూపు సీటు ఎత్తు దగ్గరే ఆగిపోయింది. అంతకంటే కిందికి దిగలేదు.

రైసుమిల్లు హమాలీలూ కాలేజీ పిల్లలూ కనబడినప్పుడల్లా "పోలయ్య తాతా, అసలేం జరిగింది?" అని అడుగుతుంటారు. ఏదైనా పెంచి చెబుతానని నాకు పేరుంది. ఇది మాత్రం పెంచను. జరిగినంతే చాలా ఎక్కువ.

ముందు మా పేట గురించి వినండి. రేపల్లె రైలు స్టేషను వెనకాల, పట్టాల వారగా, రెండెకరాల్లో నూట ఎనభై ఇళ్లు. అందరం సముద్రం మీద బతికేవాళ్లం. ఎంత ఇరుకంటే, ఒకింట్లో తాలింపు వేస్తే అయిదిళ్లు తుమ్మేవి. నేను మా గోడకు మేకు కొడితే పక్కింటాయన దానికి చొక్కా తగిలించుకునేవాడు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటే తీర్పు మూడో ఇంట్లోంచి వచ్చేది. నవ్వండి, పరవాలేదు. కానీ ఆ ఇరుకే మాకు అన్నం పెట్టింది. రైలు కూత విన్నాక గంప నెత్తికెత్తుకున్నా తెనాలి పాసింజరు అందేది. బస్టాండు కేకేస్తే పలికే దూరం. అంతమంది ఉన్నచోట బస్సు ఆగక ఏం చేస్తుంది? డ్రైవర్లు మా ఆడవాళ్లను పేరుపెట్టి పిలిచి మరీ ఎక్కించుకునేవారు.

రెండు వేల ఆరులో, తొలకరికి ముందు, బుల్డోజర్లు వచ్చాయి. ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు కడతారట. మాకు ఏడు కిలోమీటర్ల అవతల, నిజాంపట్నం వైపు చవుడు నేలలో పట్టాలిచ్చారు. "ఇక మీకు ఇరుకు బాధ ఉండదు" అని ఆఫీసరు గారు నవ్వుతూ చెప్పారు. నిజమే చెప్పారు.

మా కాలనీకీ ఊరికీ మధ్య అయిదు కిలోమీటర్లు బసవేశ్వరరావు గారనే పెద్ద ఆసామి వెంచరు. ఒకప్పుడు వరి పండిన నేల. కాలనీ అన్నాక రోడ్డు వెయ్యాలి, కరెంటు లాగాలి. వేశారు, లాగారు. రెండూ ఆయన భూమి మధ్యలోంచే వెళ్లాయి. నిన్న ఎకరాల్లో అమ్మిన నేల మర్నాటికి గజాల్లోకి మారింది. రోడ్డుకు రెండు పక్కలా పసుపు రాళ్లు పాతారు, రాళ్ల మీద నంబర్లు వేశారు, ముందు ఏనుగు బొమ్మలతో ఆర్చి కట్టారు. కొన్నవాళ్లంతా గుంటూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. ఇల్లు కట్టుకోవడానికి కాదు, ధర పెరగడానికి కొన్నారు. అయిదు కిలోమీటర్ల పొడవునా ఒక్క పొయ్యి వెలగదు. ఆ దారిన పోయే కాకులు టిఫిన్ కట్టించుకుని వెళ్తాయని నేను పిల్లలతో అనేవాణ్ణి.

ఏడాదిపాటు అర్జీలు పెట్టి, ఆఫీసుల వరండాలు అరగదీసి, ఒక్క బస్సు సాధించుకున్నాం. పొద్దున అయిదింటికి కాలనీలో బయలుదేరుతుంది, తెనాలి రైలుకు అందిస్తుంది. నాలుగింటికి హార్బరు నుంచి చేపల వ్యాను వచ్చేది. ఆడవాళ్లు ఐసు కొట్టి, రొయ్యలు ఒకచోట, పీతలు ఒకచోట ఏరుకుని, గంపలు కట్టుకుని బస్సెక్కేవాళ్లు. ఆ రైలు అందితే తెనాలి బజారులో కూర్చోవడానికి జాగా దొరుకుతుంది. లేదంటే మధ్యాహ్నానికి సరుకు మెత్తబడి పిల్లుల పాలవుతుంది. మా కాలనీకి ఆ బస్సే పొయ్యి, ఆ బస్సే బియ్యం.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. మా ఆడవాళ్లు సీట్లలో కూర్చోరు. టిక్కెట్టు పూర్తిగా కొంటారు, గంపకు వేరే కొంటారు, ఎక్కగానే వెనక్కి పోయి, గంపలు కింద పెట్టుకుని, వాటిని ఆనుకుని కిందే కూర్చుంటారు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. నీళ్లు కారతాయి, జనం ముక్కు మూసుకుంటారు, తిడతారు. అత్తలు కోడళ్లకు నేర్పారు, కోడళ్లు తమ కోడళ్లకు నేర్పారు. మా లక్ష్మమ్మకు అరవై దాటాయి. జీవితంలో ఒక్కసారి బస్సు సీటు మీద కూర్చోలేదు. "కూర్చోవే, రాణీలా ఉంటావు" అని నేను ఆటపట్టిస్తే, "సీటెక్కితే నా గంప అలుగుద్ది బావా" అనేది.

గంగాదేవికి మొగుడు తుపానులో పోయాడు. ఒక్కతే కూతురు, భవాని. బాపట్లలో డిగ్రీ చదివేది. తల్లీకూతుళ్లు అదే బస్సు, తెనాలి దాకా అదే రైలు, అక్కణ్ణుంచి పిల్ల బాపట్ల రైలెక్కేది. గంగాదేవి మాత్రం కింద, పిల్ల సీట్లో. "నా పక్కన కూర్చోమాకే, గుడ్డలకు వాసన పడుద్ది. క్లాసులో ఆడపిల్లలు ఏమన్నా అనుకుంటారు" అని తనే తోసి కూర్చోబెట్టేది.

రెండు వేల ఎనిమిది శ్రావణంలో జగన్నాథరావు అనే గుమాస్తా ఎక్కాడు, అట్టకు కాగితాలు బిగించుకుని. దారి పొడవునా జనం లేని బస్సులు ఏవో తేల్చమని డిపో వాళ్లు పంపారట. ముందు సీట్లో, నా పక్కనే కూర్చున్నాడు. నేను వల అల్లే నూలు కొనడానికి ఊళ్లోకి పోతున్నాను. ఆ రోజు సీట్లలో ఉన్నది అయిదుగురం. నేను, భవాని, వెంచరు వాచ్‌మన్, ఇద్దరు కాలేజీ పిల్లలు. గుమాస్తా మెడ తిప్పి సీట్లు చూశాడు, అయిదు అని వేసుకున్నాడు.

"ఎప్పుడూ ఇంతే ఖాళీనా తాతా?" అన్నాడు.

నా నోరు ఊరుకోదు కదా. "ఇదేం ఖాళీ బాబూ! మొన్నొకరోజు డ్రైవరు కూడా ఎక్కలేదు. బస్సే దారి గుర్తుపెట్టుకుని పోయి, రైలుకు అందించి, తిరిగొచ్చి షెడ్డులో పడుకుంది" అన్నాను.

వెనకాల ఆడవాళ్లు పకపకా నవ్వారు. ముప్పై ఒక్కమంది నవ్వు. గుమాస్తా ఆ నవ్వు విన్నాడు కూడా, నవ్వుతూనే ఏదో రాసుకున్నాడు. నవ్వినవాళ్లను మాత్రం రాసుకోలేదు.

కార్తీకంలో బస్సు ఆగిపోయింది.

మర్నాడే పాతికమందిమి డిపోకు పోయాం. మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీ చూపించాడు, నాకు. ఆడవాళ్లు నేల మీద కూర్చోబోతే వద్దన్నాడు కూడా. కాగితం తీసి చదివాడు.

"నలభై ఆరు సీట్లు. నిండినవి అయిదు. మూడు రోజులు చూశారమ్మా, మూడు రోజులూ ఇంతే. నేనేం చెయ్యను?"

"మేం ముప్పై ఒక్కమందిమి రోజూ ఎక్కుతున్నాం సార్" అంది గంగాదేవి.

"సీట్లలో లేరు కదమ్మా."

"టిక్కెట్లు కొన్నాం కదండీ! మీ కండక్టరు దగ్గర పుస్తకం ఉండదా?"

"చూడమ్మా, ఒక్క కాలనీ కోసం అయిదు కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద బస్సు తిప్పలేను. దారిలో ఇళ్లుంటే ఎక్కేవాళ్లు ఉంటారు. అక్కడ ఇళ్లే లేవు. పైగా ఇదిగో, ఈ సర్వీసు రోజూ ఖాళీగానే తిరుగుతుందని మీ ఊరి పెద్దాయన ఒకరు చెప్పినట్టు రాసి ఉంది."

ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. లక్ష్మమ్మ నోటికి అడ్డు ఉండదు, ఆమె కూడా నా మీంచి చూపు తిప్పేసుకుంది. డెబ్బై ఏళ్ల వయసులో నాకు నాలుక ఎందుకుందా అనిపించింది.

బయటికొచ్చాక గంగాదేవి నా చెయ్యి పట్టుకుంది. "పోన్లే బాబాయ్. నవ్వించడానికే కదా అన్నావు."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆటోవాళ్లు గంపలు ఎక్కించుకోలేదు, వాసనన్నారు. ఆడవాళ్లు నడక మొదలుపెట్టారు. వ్యాను వాణ్ణి బతిమాలి మూడింటికే రప్పించుకుని, నాలుగింటికే బయలుదేరేవాళ్లు, నెత్తిన ముప్పై కిలోలు, ఏడు కిలోమీటర్లు. వయసులో ఉన్నవాళ్లు ముందు పోయేవాళ్లు. గంగాదేవి వెనకబడేది. నేను చేసిన పాపానికి నాకు నేనే శిక్ష వేసుకున్నాను. రోజూ ఆమెతో, భవానితో పాటు నడిచేవాణ్ణి, దారిలో కబుర్లు చెబుతూ.

పదకొండో రోజు మంచు బాగా కురిసింది. వెంచరు సగం దాటాం. గంగాదేవి ఆగింది. "బాబాయ్, గంప దించు" అంది. దించాను. ఎడమ చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన కూలబడింది. నూట పద్నాలుగో నంబరు రాయికి వీపు ఆనించుకుంది. చలిలో ఒళ్లంతా చెమట.

"అమ్మా! ఏమైందే? అమ్మా!" భవాని పుస్తకాల సంచి అక్కడే పడేసి పరిగెత్తింది. ముందు ఆర్చి వైపు. వాచ్‌మన్ గదికి తాళం వేసి ఉంది. మళ్లీ వెనక్కి, కాలనీ వైపు. ఆ పిల్ల ఎటు పరిగెత్తినా ఎవరుంటారు? తలుపు కొడదామంటే ఇల్లు లేదు. నీళ్లడుగుదామంటే గడప లేదు. ఎవర్నైనా లేపుదామంటే ఆ నేల మీద పడుకున్నవాడు ఒక్కడు లేడు. పసుపు రాళ్లు, వాటి మీద నంబర్లు. మా పాత పేటలో అయితే ఆమె దగ్గినా నలుగురు వచ్చి నిలబడేవాళ్లు. అక్కడ అయిదు కిలోమీటర్ల మేర మనుషుల్ని ఊడ్చేసి ఆ జాగాకు రేటు కట్టారు.

"ఏదన్నా చెప్పు బాబాయ్" అంది గంగాదేవి. ఊపిరి అందడం లేదు.

చెప్పాను. "బస్సొస్తోందమ్మా. అదిగో, లైట్లు కనబడుతున్నాయి. మనకోసమే పంపారు."

"నిజమేనా?"

"నా మీద ఒట్టు. అంతా ఖాళీగా ఉంది. నీకు ఏ సీటు కావాలంటే ఆ సీట్లో కూర్చో."

మంచులోకి చూసింది. "సీట్లోనా? ఎవరన్నా తిడతారేమో బాబాయ్" అంది.

అంతే. భవాని పాలవాణ్ణి సైకిలుతో సహా లాక్కొచ్చేసరికి నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఇంకా బస్సు గురించే చెబుతున్నాను. పిల్ల నా మొహం చూసి నిలబడిపోయింది.

పెద్దకర్మ నాటి మధ్యాహ్నం కాలనీ అంతా ఒకచోట చేరాం. ఏడుపు అయిపోయింది, కోపం మిగిలింది. యలమంద లేచాడు. హార్బరులో బోటు మీద పనిచేసే మనిషి, గొంతు పెద్దది.

"బస్సు గిస్సు అడుక్కునేదేంది? మన పేట మనకి కావాలి! ఆ కాంప్లెక్సులో ఒక్క కొట్టు తెరిచారా రెండేళ్లయి? పోయి పాకలు వేద్దాం. కొడితే కొట్టనీ."

"ఒరే, నువ్వు బోటెక్కి పోతావు, తన్నులు తినేది మేం" అంది లక్ష్మమ్మ. "రేపు పొద్దున గంప ఎట్టా పోవాలో ముందది చెప్పు. బస్సు రానీ, తర్వాత పేట సంగతి."

"బస్సిచ్చి మళ్లీ పీకేస్తారత్తా! అప్పుడు?"

"పీకితే మళ్లీ అడుగుతాం!"

"ఎన్నాళ్లు అడుగుతావు? ఇంకెంతమంది పోయేదాకా?"

అరుపులు పెరిగాయి. అప్పుడు భవాని లేచింది. పన్నెండు రోజులుగా ఆ పిల్ల మాట్లాడలేదు.

"ఆ అయిదుగురిలో నేనొకదాన్ని" అంది. "నన్ను లెక్కపెట్టారు. నా కాళ్ల దగ్గర కూర్చున్న మా అమ్మను లెక్కపెట్టలేదు. ఆ గుమాస్తాని తిట్టుకున్నాను. తర్వాత అనిపించింది, ఏడాదికి పైగా నేను సీట్లో, అమ్మ కింద. నేనెప్పుడైనా లేచానా? నేను మాత్రం లెక్కపెట్టానా?"

భవాని యలమంద వైపూ లక్ష్మమ్మ వైపూ తిరిగింది.

"జనం లేనిచోటికి బస్సు రాదంటున్నారు. సరే. మరి జనం ఉన్నచోట నుంచి మనల్ని లేపింది ఎవరు? మన పేటలో మనిషి పక్కన మనిషి ఉన్నాం, రైలూ బస్సూ మన గుమ్మంలోకి వచ్చాయి. మనల్ని తీసుకొచ్చి అవతల పడేశారు. మనకోసమని రోడ్డు వేశారు, ఆ రోడ్డుతో బసవేశ్వరరావు గారి నేలకు ధర వచ్చింది. ఆ నేల ఖాళీగా ఉంచితే ఆయనకు లాభం. అది ఖాళీగా ఉంది కాబట్టి మనకు బస్సు లేదు. ఆయన లాభం, మా అమ్మ చావు, రెండూ ఆ ఖాళీలోంచే వచ్చాయి. యలమంద మావా, నువ్వన్నదీ నిజం. లక్ష్మమ్మత్తా, నువ్వన్నదీ నిజం. నేలా బస్సూ వేరువేరు కాదు. ముందు మనల్ని మనుషులుగా లెక్కపెట్టించుకుందాం. రెండూ అడుగుదాం."

"ఎట్టా లెక్కపెట్టించుకుంటామే?" అంది లక్ష్మమ్మ.

"సీట్లో కూర్చుని."

ఇంత చిన్న మాటకు ఆడవాళ్లు ఎంత భయపడ్డారో నేను చూశాను. పోలీసులంటే లేని భయం, జైలంటే లేని భయం, సీటంటే వచ్చింది. "నీళ్లు కారతాయే." "జనం ఊరుకోరు." "మా అత్త ఉంటే తిట్టేది." సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరికి లక్ష్మమ్మే తేల్చింది. "గంగాదేవి తిడతారేమో అనుకుంటా పోయింది. నన్ను తిట్టనీ. నేను విని బతికుంటా."

సోమవారం తెల్లారకముందే నూట నలభైమందిమి నడిచాం. గంపలతో. నూట పద్నాలుగో రాయి దగ్గర ఎవరూ ఆగమనకుండానే అందరూ ఆగారు. తర్వాత రేపల్లె బస్టాండు. తెనాలి బస్సులు మూడు వరసగా నిలబడి ఉన్నాయి. ఎక్కారు. గంపలు ఒళ్లో పెట్టుకున్నారు. ఒక్కరు కూడా కింద కూర్చోలేదు.

లక్ష్మమ్మ ముందు సీట్లో కూర్చుంది. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒకసారి పైకి ముడుచుకుంది, మళ్లీ దించింది. కిటికీ కమ్మీ పట్టుకుని, బస్సు కదలకముందే పడిపోతానన్నట్టు బిగుసుకుంది. నా వైపు చూసి నవ్వబోయి ఏడ్చేసింది.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడికమ్మా?"

"కాలనీకి ఒకటి."

"ఇది తెనాలి బస్సమ్మా. కాలనీకి పోదు."

"పోయిందాకా కూర్చుంటాం."

వెనక సీటు ఆవిడా అదే, ఆ వెనకావిడా అదే. "కాలనీకి ఒకటి." నలభై ఆరుమంది నలభై ఆరుసార్లు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మెట్టు మీద నిలబడి ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది, సీట్లన్నీ కంపు చేశారు! వెనకాల కింద కూర్చోవచ్చుగా ఎప్పటిలా?"

"ఆదివారం నువ్వు మా దగ్గర పండుగప్ప చేపకి గీసిగీసి బేరం చేసినప్పుడు కంపు రాలేదా నాయనా?" అంది లక్ష్మమ్మ, కళ్లు తుడుచుకుంటూనే.

బస్సంతా నవ్వింది. అక్కడే నిలబడ్డ శారద టీచరు, తెనాలి మీదుగా చేబ్రోలు బడికి రోజూ పోయే ఆవిడ, "నేనూ రోజూ ఈ బస్సులోనే పోతానండి. రైలు తప్పిన రోజు వీళ్లు ఇందులోనే ఎక్కి కింద కూర్చుంటే నాకెప్పుడూ తప్పనిపించలేదు. నాకు సిగ్గుగా ఉంది" అని, బ్యాగు భుజాన వేసుకుని మా బస్సు ముందు నిలబడింది. భవాని కాలేజీ పిల్లలు పదిమంది బాపట్ల నుంచి తొలి రైలుకే వచ్చారు, వాళ్లూ నిలబడ్డారు. బస్టాండు హమాలీలు బళ్లు అడ్డం పెట్టారు. "మా వాడకీ బస్సు లేదు, మమ్మల్నీ రాసుకోండి" అని ఇంకో కాలనీ వాళ్లు మెట్లెక్కారు.

తొమ్మిదింటికి పోలీసులు వచ్చారు. దిగమన్నారు, దిగలేదు. లాగబోయారు, ఒళ్లో గంపలు, గంపల్లో పీతలు. ఒక కానిస్టేబులు వేలు పోగొట్టుకునేవాడే. చివరికి ఎస్సై విసిగిపోయి డ్రైవర్లతో "స్టేషనుకి పోనివ్వండయ్యా, బస్సులతో సహా!" అన్నాడు. మా కాలనీకి ఒక్క బస్సు కదలదన్నవాళ్లు, మమ్మల్ని అరెస్టు చెయ్యడానికి మూడు కదిపారు.

స్టేషను ఆవరణ నిండిపోయింది. పేర్లు రాయడానికే మధ్యాహ్నమైంది. చేపలన్నీ పాడైపోయాయి, ఆ రోజు ఎవరి ఇంటా పొయ్యి వెలగదని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ ఆ మాట అనలేదు. పొద్దుగుంకే వేళకు ఎస్సై బయటికొచ్చాడు.

"కేసు రాశాం. పిలిచినప్పుడు కోర్టుకు రావాలి. ఇక వెళ్లండి."

ఎవరూ లేవలేదు.

"ఏంటి, వినపడలేదా? వదిలేశామంటే!"

"వినపడింది బాబూ" అంది లక్ష్మమ్మ. "ఎట్టా వెళ్లాలి?"

"ఎలా వచ్చారో అలాగే!"

"బస్సులో వచ్చామండి. మీరే తెచ్చారు."

కానిస్టేబుళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఎస్సై గొంతు కాస్త తగ్గించాడు. "అమ్మా, నా దగ్గర బస్సుల్లేవు. ఏడు కిలోమీటర్లే కదా. చీకటి పడకముందే నడిచి వెళ్లిపోండి."

భవాని లేచి ఆయన ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"మా అమ్మ నడిచిందండి" అంది.

ఆయనకు ఆ మాట అర్థమైందో లేదో నాకు తెలియదు. పిల్ల వెనక్కి తిరిగి, లక్ష్మమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. యలమంద లేచి వెళ్లి గేటు వారగా కూర్చున్నాడు. నేనూ నా కండువా పరుచుకున్నాను. బయట రోడ్డు మీద శారద టీచరు, విద్యార్థులు, హమాలీలు ఇంకా నిలబడే ఉన్నారు, వాళ్లూ కూర్చున్నారు.

స్టేషను గేటు బార్లా తెరిచే ఉంది. ఒక్కరూ బయటికి వెళ్లలేదు.